మంచి మేనేజరు ట్రాన్స్‌ఫర్ అయిపోతాడు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నాలుగు ఇంచుమించు ఒకే గోల, అందుకే కలిపి వేస్తున్నా. మొదటిదానికి సమాధానం బాగా పొడుగైపోయింది, మిగతా ముగ్గురూ ఏమనుకోకండి.

ప్రశ్న: మేడమ్, నాకు 38 ఏళ్ళు, హైదరాబాద్‌లో ఐటీ కంపెనీలో మేనేజర్ని. టీమ్‌లో 11 మంది, అందులో నలుగురు లేడీస్. ఇద్దరక్కల మధ్య పెరిగినవాడ్ని, ఆడవాళ్ళని గౌరవిస్తా. వాళ్ళకి నైట్ రిలీజ్‌లు వెయ్యను (అంటే రాత్రిపూట కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే డ్యూటీ), ఆరింటికల్లా ఇంటికి వెళ్ళమంటా, పిల్లలకి బాలేదంటే లీవు అప్లై చెయ్యకుండానే పంపించేస్తా. అందులో ఒకావిడ డెలివరీ అయ్యాక ఆర్నెల్లకి మళ్ళీ జాయినైంది, పని బాగా చేస్తుంది, కానీ రేటింగ్స్ మీటింగ్‌లో మిగతా మేనేజర్లు "సగం ఏడాది లేదు కదా" అన్నారు. బెల్ కర్వ్ కదా, అంటే మంచి రేటింగ్ ఇంతమందికే అని ముందే కోటా, ఎవరో ఒకర్ని కిందికి దింపాలి, ఆవిడకి తక్కువ పడింది. నేనేం మాట్లాడలేదు. అప్పట్నుంచి ఆవిడ నాతో పనికి మించి ఒక్క మాట మాట్లాడట్లేదు. ఇంత చేసి నేను చెడ్డవాడ్నయ్యానా?
(ఒక మేనేజర్, హైదరాబాద్)

జవాబు: చెడ్డవాడివి కాదు బాబూ, మంచివాడివే, గొడవంతా ఆ మంచితనంతోనే వచ్చింది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివా. మొదటిసారి నీమీద జాలేసింది, రెండోసారి పెన్ను తీసుకుని "నైట్ రిలీజ్‌లు వెయ్యను" కింద గీత గీశా. మా పెద్దవాడు కూడా మీ లైనే, వాడి దగ్గర విన్నదే చెప్తున్నా, తప్పైతే దిద్దు. రాత్రి రెండింటికి ఏదో విరిగిపోయిందనుకో, దాన్ని నిలబెట్టినవాడి పేరు మర్నాడు క్లయింట్ మెయిల్‌లో వస్తుంది, సీసీలో డైరెక్టర్ ఉంటాడు, ఆర్నెల్ల తర్వాత రేటింగ్ అప్పుడు ఆ మెయిల్ బయటికి తీస్తారు. నువ్వు నలుగుర్ని ఆ మెయిల్‌కే దూరం చేశావు, అది కూడా వాళ్ళని అడక్కుండా. ఒకావిడకి ఇంట్లో అత్తగారో అమ్మో ఉండి, క్యాబ్ ఇస్తే నెలకి రెండు రాత్రులు హాయిగా చేసేదేమో. ఇంకొకావిడకి కుదరదేమో. నీకు తెలీదు, ఎందుకంటే అందర్నీ కలిపి "లేడీస్" అని ఒక గాటన కట్టేశావు. ఆరింటికి ఇంటికెళ్ళమనడం వరం లాగే ఉంటుంది కానీ ఆరున్నరకి టీ దగ్గర మీరు మాట్లాడుకున్నదే మర్నాడు ప్లానై కూర్చుంటుంది చూడు, అది వాళ్ళకి ఎవరు చెప్తారు?

నా సొంత గోల ఒకటి చెప్తా, ఓపిక చేసుకుని విను. 1986లో నేనొక బ్యాంకులో చేరా, గోదావరి జిల్లాలో చిన్న బ్రాంచి, పద్నాలుగు మందిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఆడవాళ్ళకి బాత్రూమ్ లేదు. మేనేజర్ గారు దేవుడి లాంటి మనిషి, తన కేబిన్ వెనకాల బాత్రూమ్ తాళంచెవి నా చేతికిచ్చి "మా అమ్మాయి లాంటిదానివి, మొహమాటపడకు" అన్నారు. పదకొండు నెలలు అలా గడిచింది. తర్వాత ఆయనకి ట్రాన్స్‌ఫరొచ్చింది, దండేసి పంపించాం, నేనైతే ఏడ్చా కూడా. కొత్తాయన వచ్చిన రెండోరోజే తాళంచెవి అడిగి తీసేసుకున్నారు. కోపంగా ఏం కాదు, "ఇది మేనేజర్ది కదమ్మా" అన్నారంతే, ఆ మాటలో తప్పేముంది, నిజంగానే అది మేనేజర్ది. ఆ తర్వాత రెండేళ్ళు నేను పొద్దున్నే మంచినీళ్ళు తాగడం మానేశా. మధ్యాహ్నం వీధి చివరున్న పోస్ట్‌మాస్టర్ గారింటికి పరిగెత్తేదాన్ని, వాళ్ళావిడ ఎప్పుడూ ఏమీ అనలేదు పాపం, కానీ గుమ్మం ముందు చుట్టాల చెప్పులు కనిపిస్తే నేనే వెనక్కి తిరిగి వచ్చేసేదాన్ని.

మరి చివరికి బాత్రూమ్ ఎవరు తెచ్చారనుకున్నావ్, మా యూనియన్ సెక్రటరీ. మహా మొరటు మనిషి. "ఏమ్మా, ఆ లెడ్జరు ఇవాళ తేలుతుందా లేదా" అని కౌంటర్ అవతల్నుంచి అరిచేవాడు, ఒక్కరోజు మర్యాదగా పలకరించిన పాపాన పోలేదు. ఆయనే వెళ్ళి పై ఆఫీసు మీటింగ్ అజెండాలో తొమ్మిదో అంశంగా "మహిళా సిబ్బంది ఉన్న ప్రతి బ్రాంచిలో మరుగుదొడ్డి" అని రాయించి, దానిమీద సంతకం పడేదాకా కుర్చీలోంచి లేవలేదట. నాలుగు నెలల్లో సర్క్యులర్ వచ్చింది. మా స్టేషనరీ గదికి మధ్యలో గోడ కట్టి రేకు తలుపు పెట్టారు, గడియ సరిగ్గా పడేది కాదు, లోపల్నుంచి తాడు కట్టుకునేదాన్ని. తర్వాత ఎంతమంది మేనేజర్లు వచ్చారో పోయారో, ఆ తలుపు నాదా వాళ్ళదా అని మాత్రం ఏ ఒక్కరూ అడగలేదు. మొదటి మేనేజర్ గారంటే నాకు ఇప్పటికీ భక్తే, సంక్రాంతికి ఫోన్ కూడా చేస్తా, కానీ నేను మళ్ళీ నీళ్ళు తాగింది మాత్రం ఆ మొరటోడి వల్ల.

నువ్వు ఇప్పుడు ఆ తాళంచెవి మేనేజర్‌వి. రేపు నువ్వు కంపెనీ మారిపోతావు, లీవు అప్లై చెయ్యకుండా పంపించేసే నీ అలవాటు నీతోపాటే పోతుంది, కొత్తగా వచ్చినవాడు "అప్లై చెయ్యకుండా ఎలా వెళ్తారు" అంటాడు, అప్పుడు తప్పు వాళ్ళదే అవుతుంది. అందుకని చేసేదేదో కాగితం మీద పడేలా చెయ్యి.

ఇక రేటింగ్ మీటింగ్ సంగతి. "సగం ఏడాది లేదు కదా" అన్నవాడ్ని ఒక్కమాట అడగాల్సింది, ఉన్న సగం ఏడాది పని ఎలా చేసింది అని. మీ టీమ్‌లో ఎవడో బైక్ మీద నుంచి పడి కాలు విరిగి మూడు నెలలు ఇంట్లో ఉన్నాడనుకో, రేటింగ్ అప్పుడు అది ఎవడికీ గుర్తు కూడా రాదు, వచ్చినా "పాపం, ఆ కాలితోనే కాల్స్ అటెండయ్యాడు" అని ఒక మార్కు కలుపుతారు. ప్రసూతి సెలవు ఎవరో దయతల్చి ఇచ్చింది కాదు, 1961 చట్టంలో 12 వారాలున్నదాన్ని 2017లో సవరించి మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాలు చేశారు. చట్టం ఇచ్చిన సెలవు వాడుకున్నందుకు రేటింగ్‌లో కోతేస్తే, కుడిచేత్తో ఇచ్చి ఎడంచేత్తో లాక్కున్నట్టేగా. 2023లో ఎకనామిక్స్ నోబెల్ వచ్చిన క్లాడియా గోల్డిన్ అనే అమెరికా ప్రొఫెసర్ ఏళ్ళ తరబడి లెక్కలు తీసి చూపించింది కూడా ఇలాంటిదే, ఒకే చదువు ఒకే రకం ఉద్యోగంతో మొదలైన మగా ఆడా మధ్య జీతం తేడా ఎక్కువగా పెరిగేది మొదటి బిడ్డ పుట్టాకేనని, ఎప్పుడు పిలిస్తే అప్పుడు పలికేవాడికి కంపెనీలు అంతకంతకీ ఎక్కువ కట్టబెడతాయని. రాత్రి తొమ్మిదిన్నరకి ఆన్‌సైట్ కాల్ పెట్టే మీ ఊళ్ళో ఇది నోబెల్ రాకముందే ప్రతి ఇంటికీ తెలుసు అనుకో.

అందుకని హెచ్ఆర్‌కి ఒక మెయిల్ పెట్టు, నీ టీమ్ ఆవిడ గురించి కాదు, రూల్ గురించి. మూడు నెలలు దాటి సెలవులో ఉన్నవాళ్ళెవరైనా సరే, మగైనా ఆడైనా, పనిచేసిన నెలలకే రేటింగ్ కట్టాలి, లేదా పోయినేడాది రేటింగ్ కంటే తగ్గించకూడదు, తగ్గిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇంకో ఇద్దరు మేనేజర్ల చేత సంతకం పెట్టించు, ఒక్కడివే పెడితే అది నీ ఫిర్యాదు అవుతుంది, ముగ్గురు పెడితే అజెండా అవుతుంది. తర్వాత నీ ల్యాప్‌టాప్‌లో ఒక షీట్ తెరిచి పోయినేడాదిది రాసుకో: రిలీజ్‌లు ఎవరు చేశారు, క్లయింట్‌కి డెమో ఎవరిచ్చారు, ఆన్‌సైట్ ఎవరు వెళ్ళారు, పక్కన ఇంకో వరసలో మీటింగ్ మినిట్స్ ఎవరు రాశారు, బర్త్‌డే కేక్ ఎవరు ఆర్డర్ పెట్టారు, కొత్తగా చేరినవాడికి పని ఎవరు నేర్పారు. నేను చూడకుండానే చెప్తా, ఈ రెండో వరసలో నీకు ఆ నలుగురి పేర్లే కనిపిస్తాయి. ఆ వరస పనికి రేటింగ్ ఫారంలో ఒక గడి కూడా ఉండదు, అదీ సంగతి. వచ్చే సోమవారం నుంచి మినిట్స్ వంతులవారీగా రాయించు, మొదటి వంతు నీదే.

ఇందులో కష్టమైనది ఇంకోటుంది, అది చెప్పకపోతే నేను నీకు సగమే చెప్పినట్టు. బెల్ కర్వ్‌లో ఆవిడ పైకెళ్తే ఎవడో కిందికి రావాలి, ఆ వచ్చేవాడు నీకిష్టమైన కుర్రాడే అయ్యుంటాడు, సాయంత్రం నీతో టీ తాగేవాడు, నీ జోకులకి నవ్వేవాడు. వాడి మొహం చూసి చెప్పాలి. నీకేమీ ఖర్చు కానంతసేపూ ఆడవాళ్ళ పక్షం ఉండటం చాలా తేలిక, మా మొరటు సెక్రటరీకి కూడా ఆ తొమ్మిదో అంశం వల్ల పదో అంశం, అంటే మగాళ్ళ సైకిల్ స్టాండ్ షెడ్డు, ఆ ఏడాదికి వాయిదా పడింది, వాళ్ళందరి చేతా తిట్లు తిన్నాడు.

మగవాడి సాయం అంటే ఎలా ఉండాలో నాకెప్పుడూ అయ్యలసోమయాజుల లలిత గారి నాన్న గుర్తొస్తారు. మన తెలుగావిడే, దేశంలో తొలి మహిళా ఇంజనీర్లలో ఒకరు. పదిహేనేళ్ళకి పెళ్ళి, పద్దెనిమిదేళ్ళకి భర్త పోయాడు, అప్పటికి పాపకి నాలుగు నెలలు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసర్, కావాలంటే కూతుర్ని ఇంట్లోనే కూర్చోబెట్టి పాఠాలు చెప్పుకోవచ్చు. అలా కాకుండా ప్రిన్సిపాల్ కె.సి. చాకో గారిని ఒప్పించారు, ఆయన పైన విద్యాశాఖ నుంచి అనుమతి తెప్పించారు, కాలేజీలో ఆడపిల్ల చేరింది. అక్కడితో ఆగలేదు, ఆడపిల్లల్ని చేర్చుకుంటాం అని కాలేజీయే ప్రకటన ఇచ్చింది, దాంతో లీలమ్మ జార్జ్, పి.కె. త్రేసియా సివిల్‌లో చేరారు. అంటే కూతురి కోసం తెరిచిన తలుపు ఇంకో ఇద్దరికి పనికొచ్చింది. 1943లో చదువు పూర్తయ్యి డిగ్రీ ఇచ్చేటప్పుడు చూస్తే పట్టాలో "హీ" అని అచ్చయి ఉంది, ఆడమనిషి వస్తుందని ఎవరూ అనుకోలేదు మరి, పెన్నుతో అది కొట్టేసి "షీ" అని రాసిచ్చారు. ఆవిడ తర్వాత భాక్రా నంగల్ ప్రాజెక్టు జనరేటర్ల మీద కూడా పనిచేశారు. మీ రేటింగ్ ఫారం కూడా ఒకసారి తీసి చూడు బాబూ, అందులో అచ్చులో ఎక్కడెక్కడ "హీ" ఉందో.

ఆవిడకి సారీ చెప్పు, చెప్పాలి. కానీ "పర్లేదు సార్" అనిపించుకుని నీ గుండె తేలిక చేసుకోడానికి మాత్రం వెళ్ళకు. మెయిల్ పెట్టాక వెళ్ళు.

ప్రశ్న: అమ్మా, మాది గుంటూరు దగ్గర. ప్రైవేట్ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా తొమ్మిదేళ్ళ నుంచి చేస్తున్నా. నా తర్వాత చేరిన అబ్బాయికి నాకంటే నాలుగు వేలు ఎక్కువిస్తున్నారని మొన్న తెలిసింది, పని ఇద్దరిదీ ఒకటే, అతనికి రక్తం తీయడం నేర్పింది నేనే. అడిగితే మా ఓనరు "అతనికి సంసారం ఉందమ్మా, మీకు మీ ఆయన సంపాదిస్తున్నాడుగా" అన్నాడు.

జవాబు: మీ ఆయన సంపాదన ఆయనకెందుకటమ్మా, కరెంటు బిల్లు కట్టేటప్పుడు అడిగాడా?

ఒకే పనికి మగా ఆడా అని తేడా చూపించి జీతమివ్వడం తప్పని 1976లోనే చట్టం వచ్చింది, ఇప్పుడది 2019 వేతనాల కోడ్‌లో కలిసింది. సంసారం ఉందనే కారణం అందులో ఎక్కడా లేదు. మీ పల్లెల్లోనే చూడండి, రైతు పొలంలో మగ కూలీ రేటొకటి ఆడ కూలీ రేటొకటి, తాతల నాటి నుంచీ అంతే అంటారు. అదే మనుషులు కాలవ గట్టు దిగి ఉపాధి హామీ పనికెళ్తే మగైనా ఆడైనా ఒకటే రేటు, 2005 చట్టంలోనే ఆ తేడా కుదరదని రాశారు. పారా అదే, మట్టి అదే, ఎండ అదే. రేటు ఓనరు నోట్లోంచి కాకుండా కాగితంలోంచి వచ్చింది, అంతే తేడా.

మీరు నోటితో అడగడం ఆపండి. ఏయే టెస్టులు చేస్తారో, ఎన్నేళ్ళ నుంచో, ఎవరెవరికి నేర్పారో రాసి, జీతం సరిచెయ్యమని కాగితం ఇచ్చి, ఇంకో కాపీ మీద తారీఖుతో సంతకం తీసుకోండి. కుదరదంటే లేబర్ ఆఫీసు ఉంది. దానికంటే ముందు ఆ అబ్బాయితో మాట్లాడండి, నీ జీతం తగ్గించమని కాదు, నీకెంతొస్తుందో కాగితం మీద చెప్పు చాలు అని. రక్తం తీయడం నేర్పిన గురువుకి ఆ మాత్రం చెయ్యడా? చెయ్యకపోతే మాత్రం నాకు రాయండి, నాలుగు చివాట్లు పెడతా.

ప్రశ్న: మేడం, నేను వరంగల్‌ల పని చేస్త. ఇప్పుడు ఆఫీసుల ఆడోళ్ళతోని మాట్లాడాలంటెనే భయమైతుంది, ఏమన్నంటె కంప్లైంట్ అంటరు. చట్టాలన్ని వాళ్ళకే, మొగోళ్ళకు ఏమున్నయి? మా పాప పుట్టినప్పుడు నాకు రెండు రోజులే సెలవిచ్చిన్రు, మీ ఆడోళ్ళ పత్రికల గిది వేస్తరా?

జవాబు: వేశాను తమ్ముడూ. చివరి లైను మొదటే రాయాల్సింది, అదే అసలు మాట.

ముందు ఆ భయం సంగతి. 1992లో రాజస్థాన్‌లో భన్వరీదేవి అనే ఆవిడ ప్రభుత్వ కార్యక్రమంలో పని చేస్తూ, అందులో భాగంగానే బాల్యవివాహం ఆపబోతే ఆవిడమీద సామూహిక అత్యాచారం జరిగింది. ఆ ఘటన తర్వాత 'విశాఖ' అనే సంస్థ వేసిన కేసులో, పనిచేసే చోట లైంగిక వేధింపుల మీద సుప్రీంకోర్టు 1997లో గైడ్‌లైన్స్ ఇచ్చింది, చట్టం రావడానికి 2013 దాకా పట్టింది. అంటే ఎవరో ఊరికే కూర్చుని మొగోళ్ళని భయపెడదామని రాసింది కాదు. పదిమంది, ఆపైన పనిచేసే చోట కమిటీ ఉండాలి, బయటి మనిషి ఒకరుండాలి, నీ మాట కూడా వినాలి, కావాలని అబద్ధపు కంప్లైంట్ పెట్టినట్టు తేలితే దానిక్కూడా చర్య ఉంది, రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అబద్ధం అని కాదు. మీ ఆఫీసులో కమిటీలో ఎవరున్నారో బోర్డు మీద పేర్లున్నాయా చూడు. లేకపోతే నువ్వే అడుగు, ఆ పేర్లు నీకూ పనికొస్తాయి.

ఇక రెండు రోజుల సెలవు. కేంద్ర ప్రభుత్వంలో తండ్రికి 15 రోజులుంది, ప్రైవేటులో తండ్రి సెలవు తప్పనిసరి అని దేశం మొత్తానికి చట్టం లేదు, కంపెనీ దయ. దీనివల్ల నష్టపోయింది నువ్వొక్కడివే అనుకోకు. ఇంటర్వ్యూలో నీలాంటి మొగపిల్లాడూ ఒక ఆడపిల్లా పక్కపక్కన కూర్చుంటే, ఈ అమ్మాయి రేపు ఆర్నెల్లు సెలవు పెడుతుంది, జీతం మనమే ఇవ్వాలి, ఈ అబ్బాయి అయితే రెండు రోజులే అని బాస్ మనసులో లెక్కేసుకుంటాడు. నీకు సెలవు లేకపోవడమే ఆ అమ్మాయికి ఉద్యోగం లేకుండా చేస్తుంది. ఇంటి సంగతీ చూడు, జనం రోజులో దేనికెంతసేపు పెడతారో లెక్కేసిన 2019 ప్రభుత్వ టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసేవాళ్ళనే లెక్కేస్తే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు. స్వీడన్ 1974లోనే తల్లీ తండ్రీ ఇద్దరికీ కలిపి సెలవు పెట్టింది, చూస్తే మగాళ్ళు తీసుకోవట్లేదు, అందుకని 1995లో ఒక నెల తండ్రికే రాసిపెట్టారు, ఆయన తీసుకోకపోతే పోతుంది, తల్లికి ఇవ్వడానికి కుదరదు. అప్పట్నుంచి నాన్నలు సెలవు పెట్టడం పెరిగింది. బుద్ధులు చెప్తే రానిది రూల్ మారిస్తే వచ్చింది.

మీ ఆఫీసులో పెళ్ళయిన మొగోళ్ళందరూ కలిసి ఆ 15 రోజులు అడగండి. ఆడవాళ్ళ సంతకాలు కూడా తీసుకో, ఇస్తారు చూడు, అప్పుడు వాళ్ళతో మాట్లాడ్డానికి భయం కూడా పోతుంది.

ప్రశ్న: ఆంటీ, కాకినాడలో చిన్న కంపెనీలో చేరి ఏడాదైంది. ఉమెన్స్ డేకి గులాబీలు, పింక్ డ్రెస్, ముగ్గుల పోటీ అంట, అబ్బాయిలకి ఏం లేదు, వాళ్ళు ఫొటోలు తీస్తారంట. నాకు చిరాగ్గా ఉంది, వద్దంటే పొగరంటారు. వెళ్ళనా మాననా?

జవాబు: వెళ్ళు తల్లీ. పువ్వు తీసుకో, పువ్వేం చేసింది పాపం. ముగ్గు మాత్రం ఆ ఫొటోలు తీసే అబ్బాయిల చేత వేయించండి, ఫొటోలు మీరు తియ్యండి. స్పీచ్‌లయ్యాక బాస్ "ఇంకేమైనా చెప్తారా" అని మైకు ఇస్తాడు కదా, అది అందుకుని, 50 మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ ఉండాలని 2017 నుంచి చట్టంలో ఉంది కదా సార్, మనం ఎంతమందిమి అని నవ్వుతూ అడుగు. ముందే మీ హెచ్ఆర్ దగ్గర తలలు లెక్కపెట్టించి ఉంచుకో, 48 అని తేలితే నవ్వులపాలవుతాం. ముగ్గులకి జడ్జి కావాలంటే కబురు పెట్టు, కాకినాడ కాజా పెడితే వస్తా.